లోపలి కుట్టు

మా ఇంట్లో ఒక చిన్న గది ఉంది. ఉందన్న మాటేగానీ అడుగు పెట్టడానికి సందు ఉండేది కాదు. రెండు బీరువాలు, ఒక చెక్క అలమారా, వాటి మీద సూట్‌కేసులు, సూట్‌కేసుల మీద మూటలు. తలుపు తోస్తే ఏదో ఒకటి నెత్తిన పడేది. అన్నీ మా ఆవిడ బట్టలే. కొన్నాక నచ్చక పక్కన పడేసినవి, ఒళ్ళు తగ్గాక వేసుకోవాలని దాచినవి, రంగు వెలిసినా పారేయడానికి మనసొప్పనివి. ఇదేమిటని అడిగితే ఆ పూట పొయ్యి వెలిగేది కాదు. నాకు ముక్కుమీద కోపం, నిజమే. కానీ ఆకలి కూడా ఉంటుంది కదా.

ఆ గది ఖాళీ చేయక తప్పని అవసరం మా వదిన వల్ల వచ్చింది. వదినంటే మా ఆవిడకు అక్క. అమ్మానాన్నలు వెనకా ముందూగా పోతే, తను పెళ్ళి మాట తలపెట్టకుండా, కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని పెంచింది. ఒకటే గది. పగలు అది దుకాణం, రాత్రి అదే ఇల్లు. మా ఆవిడ బట్టలు కత్తిరించే బల్ల కింద పడుకుని పెరిగింది. చెల్లెలికి చదువు చెప్పించింది వదినే, నాకిచ్చి పెళ్ళి చేసింది వదినే. పెళ్ళయ్యాక కూడా గౌన్లు కుట్టి పంపిస్తూనే ఉండేది.

ఇప్పుడు ఆవిడ చూపు పోతోంది. నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఇక ఏ అద్దం వేసినా లాభం లేదని మొదట కనిపెట్టింది నేనే, డాక్టరు తర్వాత అదే మాట అన్నాడు. పక్కనున్న గోడ కనబడుతుంది, ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాత్రం కనబడదు. అలాంటి జబ్బు. సూదిలోకి దారం ఎక్కించలేని దర్జీ దుకాణం ఎన్నాళ్ళు నడుపుతుంది?

“మీ దగ్గరికే వస్తాను మరిదిగారూ,” అంది ఆవిడ ఆ రోజు నా కుర్చీలో కూర్చుని. “నాకేం హంగులు అక్కర్లేదు. ఓ మూల చాలు. చిన్నీ ఇంట్లో తిరుగుతున్న అలికిడి వినబడితే చాలు నాకు.”

చిన్నీ అంటే మా ఆవిడ. తల నెరుస్తున్నా ఆవిడకు ఇంకా చిన్నీయే. ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “మా అక్క నా దగ్గరికి కాక ఎక్కడికి పోతుందండీ,” అంది. అప్పటికప్పుడే లేచి బీరువా తలుపులు బార్లా తెరిచింది. ఆ క్షణాన ఆమె మనసులో కల్మషం లేదు. ఆ మాట ఇప్పటికీ చెబుతాను, నాకు ఎంత మంటగా ఉన్నా సరే.

ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేలక తికమకపడుతుంటే, ఎవరో స్నేహితురాలు ఒక క్లాసు గురించి చెప్పింది. ఇంట్లో బట్టలు తగ్గించుకోవడం, ఉన్న కాసిన్నీ నూలో, లినెనో, ఉన్నో, పట్టో, ఏదైనా సహజమైన పోగుతో నేసినవే ఉంచుకోవడం అక్కడ నేర్పుతారట. నేర్పే ఆవిడకు నేను నూలు మేడమ్ అని పేరు పెట్టాను. నలిగిన లినెన్ గౌను వేసుకుని, మాటకూ మాటకూ మధ్య మనం ఒక కునుకు తీయగలిగేంత నిదానంగా మాట్లాడుతుంది. “మనం ప్లాస్టిక్ సంచుల్లో దూరి తిరుగుతున్నాం,” అన్నది ఆవిడ మొదటి పాఠం. రెండో పాఠం దీపం.

ఆ దీపం పాఠం నా కొంప మీదికి వచ్చింది. బట్ట లోపలి వైపు, పైకి కనబడని చోట, ఒక పోగు లాగాలి. పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైపోతుంది. పాలిస్టరైతే ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా అవుతుంది. పూస అయితే ఆ బట్ట ఇంట్లో ఉండకూడదు. మా ఆవిడ ఈ విద్యను నా ప్యాంటు మీద మొదలుపెట్టింది. ఇస్త్రీ అడగని ప్యాంటు అది. పొద్దున ఉతికితే మధ్యాహ్నానికి ఆరేది.

“చూడండి,” అంది పూసను నా ముక్కు కింద పెట్టి. “ఇన్నాళ్ళూ మీ తొడలకు చుట్టుకుని తిరిగింది ఇదీ.”

“నా తొడలు ఎప్పుడైనా నీకు ఫిర్యాదు చేశాయా?” అన్నాను.

“వాటికి నోరు లేదు. మీకుంది, ఎక్కువే ఉంది,” అని ప్యాంటు గోనెసంచిలో పడేసింది.

ఆ నెలంతా సంచులే సంచులు. వీధి చివర పాత బట్టల డబ్బా నోరు మూతపడకుండా నింపాం. నా చొక్కాలు పోయాయి, మేజోళ్ళు పోయాయి, చివరికి గొడుగు మీద కూడా అనుమానం పడితే దాన్ని దుకాణంలో దాచుకున్నాను. బదులుగా నూలు మేడమ్ దగ్గరే కొన్న లినెన్ చొక్కాలు వచ్చాయి. వేసుకున్న ఐదు నిమిషాలకే, ఎవరితోనో కలబడి వచ్చినవాడిలా కనబడేవాణ్ణి. దుకాణానికి వచ్చినవాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళు.

సరే, గది మాత్రం ఖాళీ అయింది. బీరువాలు అమ్మేశాం. గోడలకు తెల్ల సున్నం వేయించాం. ఒక చెక్క కర్ర వేలాడదీసి, దానికి మిగిలిన నాలుగు గౌన్లూ తగిలించింది. కిటికీ తెరుచుకుంటుందని ఆ రోజే మాకు తెలిసింది. మా ఆవిడ గది మధ్యలో, ఉత్త నేల మీద కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. పిలిస్తే పలకలేదు.

నేను వదిన కోసం ఒక మంచం కొన్నాను. “ఇప్పుడే లోపల పెట్టకండి, సున్నం ఆరనివ్వండి,” అంది మా ఆవిడ. సున్నం ఆరింది. “కిటికీకి తెర కుట్టించాక పెడదాం,” అంది. తెర వచ్చింది. “నేల ఇంకోసారి కడిగించాలి,” అంది. మంచం వసారాలో గోడకు ఆనుకుని నిలబడే ఉంది. మా ఆవిడ పొద్దునా సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. బయటికి వచ్చేటప్పుడు ఆమె ముఖంలో ఏదో తేటదనం ఉండేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి ముఖం నేను చూడలేదు. చూసి సంతోషించాను కూడా. నా తెలివి అలా ఏడిచింది.

ఈలోగా వదిన దుకాణం అద్దె గడువు అయిపోయింది. మిషను ఎవరికో ఇచ్చేసి, ఒక్క సంచీ పట్టుకుని వచ్చేసింది. గది తలుపు మూసి ఉంది కనుక హాల్లో సోఫా మీద పడుకుంది. “ఇదే బాగుంది మరిదిగారూ, వంటింట్లో దాని గాజుల చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది,” అంది. ఆవిడ సంబరం చూసి నాకు సిగ్గేసింది. మంచం సంగతి గట్టిగా అడగాలనుకున్నాను. ఆ వారమే నూలు మేడమ్ మా ఇంటికి వచ్చింది.

ఊరికే రాలేదు. మా తెల్లగదిని క్లాసులో అందరికీ చూపించాలట. శిష్యురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. ప్రతివాళ్ళూ ఇంట్లో చివరికి మిగుల్చుకున్న బట్ట ఒకటి తెచ్చుకోవాలని నియమం. అందరూ గదిలో నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో దీపం. వదిన తలుపు దగ్గర పీట మీద కూర్చుంది. నేను మంచినీళ్ళు అందించే ఉద్యోగంలో ఉన్నాను.

మా ఆవిడ నీలం గౌను తెచ్చింది. తనకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వదిన కుట్టిచ్చిన గౌను అది. “మా అక్క కుట్టింది. అసలైన నూలు,” అంది. గొంతులో గర్వం ఉంది. వదిన ముఖం వెలిగిపోయింది.

నూలు మేడమ్ గౌను తిరగేసింది. లోపల అటూ ఇటూ వెతికింది. “ఎక్కడా అంచు దొరకడం లేదే. లోపల కూడా మడిచి కుట్టేశారు,” అని ఒక చోట గోటితో గీకి, ఒక దారం లాగి, మంట మీద పెట్టింది. అది ముడుచుకుంది. కరిగింది. పూస అయింది.

ఒకావిడ “అయ్యో” అన్నట్టు నాలుక చప్పరించింది.

“మనవాళ్ళు కుట్టారు కదా అని కళ్ళు మూసుకుని నమ్ముతాం,” అంది నూలు మేడమ్ నిదానంగా. “చాలామందికి మోసం ఇంట్లోంచే మొదలవుతుంది. బాధపడకండి, ఈ రోజు తెలుసుకున్నారు కదా.”

మా ఆవిడ లేచింది. ఆ పూసను పళ్ళెంలో పెట్టి వదిన దగ్గరికి తీసుకెళ్ళింది.

“అక్కా, ఇది నూలన్నావు.”

“నూలేనే.”

“మరిదేమిటి?” అని వదిన చూపుడు వేలు పట్టుకుని పూస మీద పెట్టి నొక్కింది. ఇంకా వేడిగానే ఉందేమో, వదిన చెయ్యి ఉలిక్కిపడింది. మా ఆవిడ వదల్లేదు. “తడిమి చూడు. ఇది నూలా?”

వదిన వేలితో దాన్ని అటూ ఇటూ దొర్లించింది. అప్పుడు ఆవిడ పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. ఏదో చెప్పబోయి, ఆ గదిలో కూర్చున్న జనం వైపు, తనకు కనబడని ఆ ముఖాల వైపు ఒకసారి తిరిగి, నోరు మూసుకుంది.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. దొరికిపోయిన మనిషి నవ్వు అది అనుకున్నాను. అంత ముద్దుగా పెంచిన చెల్లెలికి ఏదో కల్తీ గుడ్డ అంటగట్టి, పైగా నవ్వు. ఇన్నేళ్ళూ దేవతలా చూసిన మనిషి అలా తేలితే ఎవరికైనా కడుపు రగలదా? ఒక శిష్యురాలు వదినతో, “మీరు క్షమాపణ అడిగితే మీ మనసుకే తేలిక,” అంది. వదిన ఆ మాటకు కూడా తల ఊపింది.

వాళ్ళంతా వెళ్ళాక అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గొంతులు పైకి రాలేదు. బయటికి వచ్చేసరికి మా ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వదిన సంచీ సర్దుకుంటూ, “నేను వెళ్తాను మరిదిగారూ,” అంది.

“ఒక్క మాట అడగనా?” అన్నాను. “మంచి గుడ్డ దొరక్కపోతే ఆ సంగతే చెప్పొచ్చుగా. చెల్లెలి దగ్గర కూడా అబద్ధమేనా వదినగారూ?”

“అలా అయిపోయిందండీ,” అంది. అంతే. ఆవిడకు తెలిసిన ఒకామె లాండ్రీ నడుపుతుందట, వెనక గదిలో చోటిస్తానందట. మా ఆవిడే వెంటబెట్టుకుని దింపి వచ్చింది. మంచం వసారాలోనే ఉండిపోయింది. మర్నాటి నుంచి దాని మీద నేను తడి తువ్వాలు ఆరేసుకోవడం మొదలుపెట్టాను.

తర్వాత మా ఇంట్లో వదిన మాట ఎత్తేవాళ్ళు లేరు. నేను ఎత్తబోతే మా ఆవిడ, “నాకు బాధగా ఉంటుందండీ, వద్దు,” అనేది. బాధ ఉన్న మనిషి కదా అని నేనూ ఊరుకునేవాణ్ణి. ఆదివారాలు క్లాసుకు వెళ్ళేది. మిగతా రోజులు తెల్లగది, మూసిన తలుపు.

ఒకరోజు దుకాణంలో కళ్ళజోడు కాడ వంచుతున్నాను. కాడ మెత్తబడడానికి చిన్న స్పిరిట్ దీపం వెలిగించి పెట్టుకుంటాను. చొక్కా చేతి అంచునుంచి ఒక దారం ఊడి స్క్రూడ్రైవరుకు చుట్టుకుంది. అసలే ఆ చొక్కా అంటే నాకు మంట. తెంపి, విసుగ్గా దీపంలో పెట్టాను. అది బూడిద కాలేదు. ముడుచుకుని, కరిగి, పూస అయింది.

నూలు మేడమ్ స్వహస్తాలతో అమ్మిన లినెన్ చొక్కా. ముందు పగలబడి నవ్వాను. పట్టుబడిందిరా దొంగ అనుకున్నాను. తర్వాత చొక్కా విప్పి, లోపల బట్ట అంచు పోగులు ఊడిన చోటునుంచి ఒక పోగు లాగి కాల్చాను. అది చక్కగా బూడిద అయింది. మళ్ళీ కుట్టు దారం లాగాను. పూస. మళ్ళీ బట్ట పోగు. బూడిద.

బనీనుతో అలాగే కూర్చుండిపోయాను. బట్ట వేరు, బట్టను కుట్టిన దారం వేరు. మిషను దారం మామూలుగా పాలిస్టరే, గట్టిగా ఉండాలి గనక. కొట్లో కొన్న బట్టలకు లోపల కత్తిరించిన అంచులు మడవకుండా వదిలేస్తారు, పోగు లాగితే బట్ట పోగే వస్తుంది. వదిన కుట్టిన గౌనుకు లోపల అలా వదిలేసిన అంచన్నదే లేదు. అంచులన్నీ లోపలికి మడిచి, ఎక్కడా పోగు కనబడకుండా మళ్ళీ కుట్టేసింది. అందుకే నూలు మేడమ్ గోటికి దొరికింది బట్ట పోగు కాదు, కుట్టు దారం. పని అంత శుభ్రంగా చేసినందుకు ఆవిడ మోసగత్తె అయింది.

మిట్టమధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికి పరుగెత్తాను. సంతోషంతో, నిజం చెబుతున్నాను, సంతోషంతోనే. మా ఆవిడ తెల్లగదిలో చేతులు చాచి వెల్లకిలా పడుకుని ఉంది. దీపం తెచ్చి, ఆమె ముందు కూర్చుని, రెండు రకాలూ కాల్చి చూపించాను. ఆమె లేచి కూర్చుని చూసింది. పూసను చూసింది, బూడిదను చూసింది.

“ఊఁ,” అంది.

“ఊఁ ఏమిటి? మీ అక్క ఏ తప్పూ చేయలేదు. ఇప్పుడే వెళ్ళి తీసుకొస్తాను. మంచం లోపల వేద్దాం పద.”

ఆమె గోడల వైపు చూసింది. “వెళ్ళండి,” అంది. “రాదు.”

“ఎందుకు రాదు?”

“రాదండీ,” అని మళ్ళీ వెల్లకిలా పడుకుంది.

లాండ్రీ మా దుకాణానికి రెండు వీధుల అవతలే. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అటు తొంగిచూడలేదు. ముందు భాగమంతా ఆవిరి, గంజి వాసన, హేంగర్లకు వేలాడే కోట్లు. వెనక గదిలో ఒక బల్ల, బల్ల పక్కన నులకమంచం. వదిన బల్ల ముందు కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. ఇప్పుడు కంటితో పని లేదు. వేళ్ళతో రంధ్రాలు తడుముకుంటూ కుడుతోంది. సూదులకు దారాలు ఎక్కించి పెట్టేది లాండ్రీ ఆమె.

“వదినగారూ, నేను,” అన్నాను.

“రండి మరిదిగారూ, కూర్చోండి. ఒంట్లో బాగుంటోందా?” అంది, నిన్ననే చూసినట్టు.

నేను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. లినెన్ చొక్కా, దీపం, పూస, బూడిద. క్షమించమన్నాను. “ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా, కుట్టు దారం లాగారు అని,” అన్నాను.

“అంతమందిలో ఎలా చెప్పనండీ? అది తలెత్తుకుని మా అక్క కుట్టింది అని చెప్పుకుంది. వాళ్ళ మేడమ్ ముందు దాన్ని తెలివితక్కువదాన్ని చేయనా?” అని బొత్తాం కిందినుంచి దారం తెంపింది. “తర్వాత చెప్పాను.”

“తర్వాత అంటే?”

“ఆ రోజే. వంటింట్లో. పిచ్చిమొహమా, మిషను దారం లాగి కాలిస్తే కరక్క ఏమవుతుందే, బట్ట పోగు లాగి చూడు అన్నాను. నవ్వుతుందనుకున్నాను.” ఆవిడ సూదిని చొక్కాకు గుచ్చి పెట్టింది. “నవ్వలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది. అక్కా, ఈ మాట ఆయనతో అనకు అంది. నాకు ఆ గది కావాలక్కా అంది. పుట్టిన దగ్గర్నుంచి నాకు బట్టలు లేని చోటు లేదు, నువ్వు లేని చోటు లేదు, నాకు ఊపిరాడాలి అంది. కానీ నేను నిన్ను వద్దన్నానని ఆయనకు తెలిస్తే నా మొహం చూడరు. నువ్వే మోసం చేశావని ఉండనీ అంది.”

అప్పటిదాకా నిలబడే ఉన్నవాణ్ణి, మంచం అంచున కూర్చున్నాను.

“మీరేమన్నారు?”

“ఏమంటాను? సరేనన్నాను. ఒట్టు వేయించుకుంది.”

“ఆవిడ అడగడమూ, మీరు సరేననడమూనా?” నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ముందు గదిలో ఇస్త్రీ చప్పుడు ఆగింది.

“మెల్లగా మాట్లాడండి. నాకేం కొరత లేదిక్కడ. ఆదివారం ఆదివారం వస్తుంది.”

“ఎవరు?”

“చిన్నీ. మీకు క్లాసని చెబుతుందిట. ఈ మంచం మీదే కూర్చుంటుంది. నాకు దాని మొహం కనబడదు కదా, అందుకని తల నా ఒళ్ళో పెడుతుంది. నుదురు, ముక్కు, చెవులు తడిమి చూసుకుంటాను. చిక్కిందో, ఒళ్ళు చేసిందో తెలుస్తుంది. మీ ఇంట్లో ఉన్నప్పుడు కూడా నా పక్కన అంతసేపు కూర్చోలేదండీ.” ఆవిడ నా వైపు చెయ్యి చాచింది. చెయ్యి నా భుజానికి కాక గాల్లో ఆగింది. నేనే పట్టుకున్నాను. “మీకు తెలిసిపోయిందని దానికి చెప్పకండి మరిదిగారూ. నేను మాట తప్పాననుకుంటుంది. ఇక రాదు. నాకున్నది అదొక్కటే.”

నేను సరేనన్నాను. అనడం అయితే అన్నాను.

దారి పొడుగునా నాకు నేను సర్దిచెప్పుకుంటూనే వచ్చాను. తలుపు తీయగానే తెల్లగదిలోంచి ఆమె గొంతు వినిపించింది. “చెప్పాగా, రాదని.” అందులో ఒక ధీమా ఉంది. ఆ ధీమా విన్నాక నా నోరు నా చేతిలో లేదు. గుడ్డి అక్కను దొంగ అనిపించి ఇక్కడ గాలి పీలుస్తున్నావా అన్నాను. ఆ వేలు పట్టుకుని నిప్పు మీద పెట్టినదానివి, నీకు ఊపిరాడాలా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఒక్కటి కూడా అబద్ధం కాదు.

మా ఆవిడ అంతా విని, చివరికి ఒక్కటే అడిగింది. “అక్క చెప్పిందా మీకు?”

“చెప్పింది.”

“ఒట్టు వేసింది నాకు.” ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు. నేను ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకు తేడా తెలుసు. “చూశారా? చిన్నప్పటినుంచీ ఇంతే. అన్నీ నాకోసమే చేస్తుంది, చేసి చివరికి నన్ను చెడ్డదాన్ని చేస్తుంది. నేను ప్రతి ఆదివారం వెళ్ళాను. ఒక్క వారం తప్పలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుని కూడా మీకు చెప్పిందంటే... మోసమంటే ఇది కాక ఇంకేమిటండీ?”

“నేనే కనిపెట్టాను. ఆవిడ తనంతట చెప్పలేదు.”

“మిగతాది ఎవరు చెప్పారు? వంటింట్లో మాటలు మీ దీపం చెప్పిందా?”

ఆమె ముఖం కడుక్కుని, కర్రకు తగిలించిన గౌన్లు తీసి భుజాన వేసుకుంది. “గది మీరే తీసుకోండి. మంచం వేసుకోండి. ఆవిణ్ణి తెచ్చుకుంటారో, ఏం చేసుకుంటారో మీ ఇష్టం. నేను మాత్రం ఆవిడతో మాట్లాడను,” అంది. నేను ఆ సాయంత్రమే మంచం లోపల వేశాను. పరుపు వేశాను, దిండు పెట్టాను. గెలిచాననే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆదివారం లాండ్రీకి వెళ్ళాను. వదిన ఆ రోజు బొత్తాలు ముట్టుకోలేదు. తల దువ్వుకుని, ఉతికిన గౌను వేసుకుని, తలుపు వైపు తిరిగి మంచం అంచున కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకు ముఖం ఎత్తి, నావని పోల్చుకుని, మళ్ళీ దించుకుంది.

“చెప్పేశారా మరిదిగారూ,” అంది.

“చెప్పాను. చెప్పక? నిజం చెప్పడానికి ఎవరికి భయపడాలి? గది సిద్ధంగా ఉంది. మంచం వేశాను. సంచీ ఇవ్వండి, వెళ్దాం.”

“అది రమ్మందా?”

“నేను రమ్మంటున్నాను.”

“దాంతో మాట్లాడిస్తారా?”

నేను సంచీ కోసం మంచం కింద వెతికాను. ఆవిడ కాసేపు చూసి, అంటే నా పక్కనున్న గోడను చూసి, లేచింది. తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చొక్కా ఒకటి ఒళ్ళోకి లాక్కుని బొత్తాల డబ్బా కోసం వెతికింది. డబ్బా ఆవిడ చేతికి అందేలా జరిపాను.

“గది నాకెందుకండీ,” అంది. “మీరు మంచివారు. మీకు అబద్ధం సయించదు, నాకు తెలుసు. ఇక వెళ్ళిరండి, పొద్దుపోతుంది.”

“నేను చేసిన తప్పేమిటో చెప్పండి వదినగారూ,” అన్నాను. ఇప్పటికీ అదే అడుగుతున్నాను, నేను చేసిన తప్పేమిటి?

“తప్పేం లేదు,” అంది ఆవిడ. ముందు గది తలుపు చప్పుడైంది. సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది, తల గబుక్కున పైకి లేచింది. ఎవరో చొక్కాలు ఇస్త్రీకి తెచ్చారు. లాండ్రీ ఆమె వాటిని తీసుకుని రేపు రమ్మంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా వదిన తల దించలేదు.